వెలుగు బాట జిమ్ థోర్ప్

మన గూడెం పిల్లవాడు పరుగుపందెంలో గెలిస్తే చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒకటుంది. అడవి బిడ్డ కదా, పరుగు రక్తంలోనే ఉంటుంది అంటారు. వినడానికి అది మెప్పులాగే ఉంటుంది. కానీ ఆ పిల్లవాడు తెల్లవారకముందే లేచి చేసిన సాధన అంతా ఆ ఒక్క మాటలో కొట్టుకుపోతుంది. వందేళ్ల కిందట అమెరికాలో ఒక ఆదివాసీ క్రీడాకారుడు కూడా ఇలాంటి మాటలే మోశారు. ఆయనే జిమ్ థోర్ప్. మన యువత కోసం ఆయన జీవితాన్ని ఇక్కడ గుర్తు చేసుకుంటున్నాం.

థోర్ప్ 1887లో, నేటి ఒక్లహామా రాష్ట్రంలో, శాక్ అండ్ ఫాక్స్ తెగలో పుట్టారు. ఆయన తెగ పేరు వా-థో-హక్. వెలుగు పడిన బాట అని దాని అర్థం. చిన్నతనంలోనే కవల సోదరుణ్ని, తర్వాత తల్లిని, తండ్రిని పోగొట్టుకున్నారు. 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్‌లో చేరారు. ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వని బడి అది.

1907లో ఒకరోజు మైదానం పక్కగా వెళ్తూ, హైజంప్ సాధన చేస్తున్న విద్యార్థులను చూశారు. ఒంటిమీదున్న పని బట్టలతోనే దూకి 5 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటేశారు. కోచ్ పాప్ వార్నర్ వెంటనే జట్టులోకి తీసుకున్నారు. ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మనం నేర్చుకోవాల్సింది మాత్రం ఆ తర్వాతి ఐదేళ్లలో ఉంది.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ వచ్చాయి. అందులో ఐదు అంశాల పెంటాథ్లాన్, పది అంశాల డెకాథ్లాన్ ఉన్నాయి. అప్పటిదాకా థోర్ప్ ఎక్కువగా చేసినవి జంప్‌లు, హర్డిల్స్, షాట్‌పుట్. వాటిలో ఎంత మేటి అయినా పది అంశాల పోటీకి అవి చాలవు. అందుకే ఆ ఏడాది వసంతంలో తనకు అలవాటు లేని పోల్‌వాల్ట్, జావెలిన్, డిస్కస్‌లను పట్టుకున్నారు. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేసి మురిసిపోలేదు. ఎక్కడ వెనకబడి ఉన్నారో చూసుకుని అక్కడే చెమటోడ్చారు.

ఒలింపిక్ జట్టు ఓడలో ప్రయాణిస్తున్నప్పుడు ఆయన సాధన మానేసి నిద్రపోతూ గడిపారని పత్రికలు రాశాయి. అదే ఓడలో ఉన్న పరుగువీరుడు రాల్ఫ్ క్రెయిగ్ తర్వాతి కాలంలో దాన్ని ఖండించారు. తామిద్దరం రోజూ ఓడ మీద పరుగెత్తామని, వ్యాయామం చేశామని చెప్పారు. ఆదివాసీ గెలిస్తే అది పుట్టుకతో వచ్చిందే అనుకోవడం లోకానికి సులువు. ఆ చెమట మాత్రం చాలామందికి కనబడలేదు.

ఫలితం అందరూ చూశారు. పెంటాథ్లాన్‌లో ఐదింట నాలుగు అంశాల్లో మొదటి స్థానం ఆయనదే. మిగిలిన ఒక్కటీ జావెలిన్. కొత్తగా పట్టుకున్న ఆ అంశంలోనూ మూడో స్థానంలో నిలిచారు. డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు సాధించారు. రెండో స్థానంలో నిలిచిన వీస్లాండర్ దాదాపు 700 పాయింట్లు వెనకబడ్డారు. పోటీల మధ్యలో బూట్లు పోతే, దొరికిన జత కాని బూట్లతోనే బరిలోకి దిగారని చెబుతారు.

1909, 1910లలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడారన్న కారణంతో 1913లో ఆ పతకాలు లాక్కున్నారు. 1953లో ఆయన కన్నుమూసేనాటికీ అవి తిరిగి రాలేదు. 1983లో కుటుంబానికి నకలు పతకాలు ఇచ్చారు. 2022లో గానీ ఆ రెండు పోటీల ఏకైక విజేతగా ఆయన్ను ఒప్పుకోలేదు. పతకాలు తీసుకెళ్లగలిగారు గానీ, ఒళ్లు నేర్చుకున్న విద్యను ఎవరూ తీసుకెళ్లలేకపోయారు. ఆ తర్వాత కూడా ఆయన బేస్‌బాల్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏళ్లతరబడి ఆడారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆశ్రమ పాఠశాల మైదానంలో రేపు పొద్దున పరుగుకు దిగేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈరోజు నేను సరిచేసుకోవాల్సింది ఏమిటి? మొదటి అడుగు ఆలస్యమా, మలుపులో ఊపు తగ్గుతోందా, చివరి వంద మీటర్లలో ఊపిరి అందడం లేదా? ఒక్కటి ఎంచుకోండి. వారం రోజులు దాని మీదే పనిచేయండి. నోటుపుస్తకంలో రాసుకోండి. గంటలకొద్దీ ఊరికే పరుగెత్తితే అలసటే మిగులుతుంది. గురి పెట్టుకుని చేసిన అరగంట మిమ్మల్ని ముందుకు తీసుకెళ్తుంది.

రేపు మీరు గెలిచినప్పుడు ఎవరైనా రక్తంలోనే ఉంది అంటే, నవ్వి ఆ నోటుపుస్తకం చూపించండి.