బుస్సీ దొర, మన సర్కారు జిల్లాలు

బొబ్బిలి యుద్ధం అనగానే మనకి గుర్తొచ్చేది తాండ్ర పాపారాయుడు, రంగారాయుడు. బుర్రకథల్లోనూ, 1964లో వచ్చిన సినిమాలోనూ వాళ్లే హీరోలు. వాళ్లకి ఎదురుగా ఫిరంగులు పెట్టి నిలబడ్డ తెల్లదొర పేరు బుస్సీ. కథలో ఆయన పాత్ర అక్కడితో అయిపోతుంది. ఆ దొర ఎక్కడి నుంచి వచ్చాడు, ఎందుకొచ్చాడు, తర్వాత ఏమయ్యాడు అని వెతుక్కుంటూ పోతే నాకు ఏలూరు, మచిలీపట్నం మీదుగా నేరుగా యూరప్ కనిపించింది. ఇవాళ మనం చూస్తున్న ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లని మలిచిన యుద్ధాల ఖర్చులో మన శిస్తు డబ్బు కూడా ఉంది. అందుకే ఈసారి ఆయన జీవితం గురించి రాస్తున్నాను.

పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పతిసియే ద బుస్సీ. 1720 ప్రాంతంలో ఉత్తర ఫ్రాన్స్‌లోని సువాసోన్ పట్టణం దగ్గర పుట్టాడు. కుర్రతనంలోనే సైన్యంలో చేరి ఓడెక్కి పాండిచ్చేరి చేరాడు. అప్పటికి యూరప్‌లో ఆస్ట్రియా సింహాసనం ఎవరిదన్న గొడవ మీద పెద్ద యుద్ధం నడుస్తోంది. ఆ గొడవకీ మనకీ ఏం సంబంధం అనిపిస్తుంది. కానీ 1746లో ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల దగ్గర్నుంచి మద్రాసు లాక్కున్నారు. 1748లో సంధి కుదిరాక, ఉత్తర అమెరికాలో పోగొట్టుకున్న లూయీబర్గ్ కోట కోసం మద్రాసుని తిరిగి ఇచ్చేశారు. మద్రాసులో ఉన్న జనాన్ని ఎవరూ అడగలేదు. ఇలాంటి బేరాల మధ్యే బుస్సీ పెరిగి పెద్దవాడయ్యాడు.

పాండిచ్చేరి గవర్నరు డూప్లే ఆయన్ని బాగా నమ్మాడు. 1750లో ఎవరూ పట్టలేరనుకున్న జింజి కోటని బుస్సీ ఒక్క రాత్రిలో పట్టేశాడు. మరుసటి ఏడాది కొత్త నిజాం ముజఫర్ జంగ్‌ని వెంటబెట్టుకుని హైదరాబాదు బయల్దేరాడు. దారిలో జరిగిన పోరులో నిజాం చనిపోయాడు. బుస్సీ కంగారు పడలేదు. అదే శిబిరంలో ఉన్న సలాబత్ జంగ్‌ని అక్కడికక్కడే గద్దె మీద కూర్చోబెట్టాడు. అప్పటినుంచి దక్కనులో ఆయన మాటకి తిరుగులేదు.

ఇక్కడే అసలు విషయం మొదలవుతుంది. సైన్యం అంటే జీతాలు. నిజాం ఖజానా నుంచి బుస్సీ సేనకి జీతాలు సరిగ్గా రాలేదు, బకాయిలు పేరుకుపోయాయి. 1753లో బుస్సీ ఒక షరతు పెట్టాడు: నెలనెలా మిమ్మల్ని అడుక్కోవడం కుదరదు, నాలుగు సర్కార్ల శిస్తు నాకు రాసివ్వండి. సర్కారు అంటే ఆ రోజుల్లో ఇప్పటి జిల్లా లాంటిది. ఆ నాలుగూ ముస్తఫానగర్ అనే కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం. అంటే కృష్ణ దగ్గర్నుంచి పైన గంజాం వైపు దాకా ఉన్న కోస్తా అంతా ఒక సైన్యం జీతాల పద్దు కింద వెళ్లిపోయింది. కొల్లేరు ఒడ్డున, గోదావరి పాయల వెంబడి వరి పండించిన రైతు కట్టిన శిస్తు ఫ్రెంచి సోల్జర్లకీ, వాళ్ల కింద పనిచేసిన మన సిపాయిలకీ జీతం అయింది. బుస్సీ స్వయంగా కూడా బోలెడు సంపాదించాడు.

1756లో నిజాం దర్బారులోని ప్రత్యర్థులు ఆయన్ని పొమ్మన్నారు. హైదరాబాదులో చార్‌మహల్ అనే తోటలో చేరి, మచిలీపట్నం నుంచి సాయం వచ్చేదాకా దాదాపు రెండు నెలలు అక్కడే నిలబడ్డాడు. మళ్లీ పదవి దక్కింది. వెంటనే శిస్తు రాబట్టుకోవడానికి సర్కార్లకి వచ్చాడు. విజయనగరం విజయరామరాజు ఆయనతో చేతులు కలిపి, తన పాతపగ తీర్చుకోవడానికి బొబ్బిలి మీదికి తీసుకెళ్లాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. లోపల ఆడవాళ్లనీ పిల్లల్నీ శత్రువుల చేతికి చిక్కకుండా వాళ్ల వాళ్లే చంపుకున్నారు. కొద్ది రోజుల్లోనే పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి దూరి అతన్ని చంపాడు. మనం కథగా పాడుకునే ఆ యుద్ధం వెనక ఒక సైన్యం జీతాల లెక్క ఉంది.

ఆలోగా యూరప్‌లో ఏడేళ్ల యుద్ధం మొదలైంది. 1757 జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ల కోట పట్టుకున్నాడు. అదే నెలలో బెంగాల్లో క్లైవ్ ప్లాసీ గెలిచాడు. 1758లో పారిస్ నుంచి కొత్త సేనాపతి లాలీ వచ్చి, దక్కను వదిలేసి మద్రాసు పట్టడానికి రమ్మని బుస్సీని పిలిచాడు. ఇష్టం లేకపోయినా వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువాళ్లని పిలిచాడు, నెలకి 50,000 రూపాయలు సైన్యం ఖర్చు ఇస్తానన్నాడు. బెంగాల్ నుంచి ఫోర్డ్ వచ్చి 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లని ఓడించాడు. ఫోర్డ్ సేన రాజమండ్రి మీదుగా 1759 ఫిబ్రవరికి ఏలూరు చేరి, డబ్బు కోసం అక్కడే కూర్చుంది. రాజు ఒప్పుకున్న సొమ్ము ఆలస్యమైంది. జీతాలు లేక ఇంగ్లీషు సోల్జర్లు తిరగబడ్డారు కూడా. అయినా ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. మన సర్కార్లలో ఫ్రెంచి పెత్తనం అక్కడితో సరి.

1760 జనవరిలో వందవాసి యుద్ధంలో బుస్సీ ఇంగ్లీషువాళ్లకి ఖైదీగా దొరికాడు. తర్వాత విడుదలై ఫ్రాన్స్ చేరాడు. 1763 ఫిబ్రవరిలో పారిస్‌లో సంధి మీద సంతకాలయ్యాయి. ఫ్రాన్స్ కెనడాని పోగొట్టుకుంది, ఇక్కడ యానాం, పాండిచ్చేరి లాంటి కొన్ని స్థావరాలు మాత్రం తిరిగి దక్కాయి. ఆ సంధిలో సలాబత్ జంగ్‌ని దక్కను పాలకుడిగా గుర్తిస్తున్నాం అని కూడా రాసుకున్నారు. అప్పటికే ఆయన్ని తమ్ముడు నిజాం అలీ దించేసి బీదరు కోటలో పెట్టి నెలలు గడిచాయి. మన రాజు ఎవరో పారిస్‌లో నిర్ణయించారు, అదీ జైల్లో ఉన్న మనిషిని! ఓటమికి లాలీని బాధ్యుడిని చేసి 1766లో పారిస్‌లో తల నరికారు. బుస్సీ మాత్రం దొరతనంగా బతికాడు.

కథ అక్కడ ఆగలేదు. ఇంగ్లండ్ మీద పగ తీర్చుకోవడానికి ఫ్రాన్స్ 1778లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో దిగింది. అరవై దాటి, కీళ్లవాతంతో బాధపడుతున్న బుస్సీని మళ్లీ ఓడెక్కించారు. 1783 మార్చిలో కడలూరు దగ్గర దిగాడు. జూన్‌లో అక్కడ ఘోరంగా యుద్ధం జరిగి వందల మంది చచ్చిపోయారు. యూరప్‌లో శాంతి ఒప్పందం మొదటి సంతకాలు జనవరిలోనే అయిపోయాయన్న కబురు వాళ్లకి ఆ తర్వాత అందింది. 1785 జనవరిలో బుస్సీ పాండిచ్చేరిలో కన్నుమూశాడు.

ఆయన పోయిన నాలుగేళ్లకి ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, వాటిలో పెద్దది అప్పు. ఏడేళ్ల యుద్ధం, అమెరికా యుద్ధం కలిసి రాజు ఖజానాని ఖాళీ చేశాయి. కొత్త పన్నుల కోసం 1789 మేలో సభ పిలవక తప్పలేదు. పిలిచిన సభ రాజు మాట వినలేదు. తల తెగిన లాలీ కొడుకు కూడా ఆ సభలో సభ్యుడు. దేశం అంటే రాజు ఆస్తి కాదు, జనం అన్న మాట అక్కడ చట్టమైంది.

సైన్యానికి జీతాలివ్వలేక నిజాం సర్కార్లు పోగొట్టుకున్నాడు. యుద్ధాల అప్పు తీర్చలేక ఫ్రాన్స్ రాజు రాజ్యమే పోగొట్టుకున్నాడు. రెండూ ఒకే లెక్క. తేడా ఏంటంటే, అక్కడ పన్ను కట్టేవాళ్లు లేచి లెక్క అడిగారు. ఇక్కడ 1765లో మొఘల్ ఫర్మానాతో, 1766లో నిజాం ఒప్పందంతో సర్కార్లు ఇంగ్లీషు కంపెనీకి మారాయి. శిస్తు కట్టే ఏలూరు రైతుకి మాత్రం వసూలుకొచ్చే వాడి టోపీ మారిందంతే. మన తాడేపల్లిగూడెంలో ఉన్న పాత రన్‌వే కూడా రెండో ప్రపంచ యుద్ధం కోసం బ్రిటిష్‌వాళ్లు వేసిందే. ఆ యుద్ధంలో చేరాలా వద్దా అని 1939లో కూడా మనల్ని అడగలేదు. లెక్క అడిగే హక్కు మనకి రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. పరీక్షల కోసం మనం చందుర్తి, వందవాసి తేదీలు బట్టీపడతాం. వాటితోపాటు ఆ యుద్ధాలకి డబ్బు ఎవరు కట్టారో కూడా గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది.