బాబాసాహెబ్ కాగితాల వెనక మనిషి: నానక్ చంద్ రత్తు

మన వాడల్లో నిలబడిన అంబేడ్కర్ విగ్రహం చేతిలో పుస్తకం ఉంటుంది. ఆయన చివరి సంవత్సరాల్లో రాసిన పుస్తకాలు అచ్చుకు వెళ్లేముందు మరో దళితుడి చేతుల మీదుగా నడిచాయి. బాబాసాహెబ్ చేతిరాతను చదివి, టైపు చేసి, ఆయన దిద్దితే మళ్లీ టైపు చేసిన మనిషి నానక్ చంద్ రత్తు. దాదాపు పదిహేడేళ్లు అంబేడ్కర్‌కు వ్యక్తిగత కార్యదర్శిగా ఉన్నారు. ఆ పనికి జీతం తీసుకోలేదు. అంబేడ్కరిస్టుల సభల్లో డిసెంబర్ 6న తప్ప ఆయన పేరు పెద్దగా వినపడదు. వినపడినా చివరి రాత్రి పక్కనున్న మనిషిగానే. ఆయన చేసిన పనిని పనిగా చూసి మాట్లాడుకోవడం తక్కువ.

రత్తు 1922లో పంజాబ్‌లోని హోషియార్‌పూర్ జిల్లా సక్రూలీ గ్రామంలో దళిత కుటుంబంలో పుట్టారు. దోఆబా అని పిలిచే ఆ ప్రాంతంలోనే 1920ల నడుమ మంగూరాం ముగోవాలియా నాయకత్వంలో ఆది ధర్మ్ ఉద్యమం మొదలైంది. మేం హిందువులం కాదు, ఈ నేల ఆదివాసులం అని ప్రకటించి, 1931 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల మందికి పైగా ఆది ధర్మీలుగా రాయించుకున్నారు. తెలుగు నేల మీద 1917 బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ ఆది ఆంధ్రులమని చాటిన ఆలోచనే అక్కడ మరో రూపంలో నడిచింది. రత్తు చిన్నతనం గడిచింది ఆ గాలిలోనే.

బతుకుతెరువు వెతుక్కుంటూ కుర్రతనంలో ఢిల్లీ చేరి, ప్రభుత్వ కార్యాలయంలో చిరుద్యోగం సంపాదించారు. 1940లో అంబేడ్కర్ దగ్గర చేరారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. పగలు సర్కారు ఉద్యోగం, సాయంత్రం ఆఫీసు వదిలాక బాబాసాహెబ్ ఇల్లు. 1942లో అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు, 1947లో న్యాయశాఖ మంత్రి అయ్యారు. ఆ పదవులతో పాటు ప్రభుత్వం ఇచ్చే సిబ్బంది ఆఫీసు ఫైళ్లు చూసుకునేవారు. సొంత రచనలు, సొంత ఉత్తరాలు, ఉద్యమం పని చూడ్డానికి ఇంటి దగ్గర మరో మనిషి కావాలి. ఆ చోటు రత్తుది.

కంప్యూటర్ మీద పెరిగిన తరానికి ఆ పని ఎంత కష్టమో తెలియాలంటే కొంచెం వివరం కావాలి. చేత్తో రాసిన కాగితాన్ని టైపు మిషన్ మీద కొట్టాలి. ఒకటికంటే ఎక్కువ ప్రతులు కావాలంటే మధ్యలో కార్బన్ పెట్టి గట్టిగా నొక్కాలి. రచయిత ఒక పేరా మధ్యలో చేరిస్తే పేజీ మొత్తం, ఒక్కోసారి అధ్యాయం మొత్తం మళ్లీ కొట్టాలి. అంబేడ్కర్ ఒకసారి రాసి వదిలేసే రచయిత కాదు. టైపు ప్రతి చేతికొచ్చాక మార్జిన్లలో దిద్దుతారు, కొట్టేస్తారు, కొత్త కాగితాలు అతికిస్తారు. మధుమేహం, కాళ్ల నొప్పులు, మందగించిన చూపు ఆయన్ని పట్టి పీడిస్తున్న రోజుల్లో టైపు ఒక్కటే చేస్తే చాలదు. అడిగిన పుస్తకం బీరువాలోంచి తీసివ్వాలి, తల నిమరాలి, కాళ్లు నొక్కాలి. ఇవన్నీ రత్తు చేశారు.

ఇక్కడ ఒక ప్రశ్న దాటవేయకూడదు. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని పరిమితి తెచ్చే బిల్లును 1946లో కేంద్ర శాసనసభలో పెట్టింది అంబేడ్కరే. అదే నాయకుడి ఇంట్లో ఒక దళిత యువకుడు పగటి ఉద్యోగం ముగించుకుని వచ్చి, రాత్రి పొద్దుపోయేదాకా జీతం లేకుండా పనిచేశాడు. దీన్ని వెట్టి అనలేం. వెట్టిలో కాదనే హక్కు ఉండదు. రత్తు కావాలని వచ్చారు, కావాలని ఉన్నారు. అలాగని సేవ అనే ఒక్క మాటతో సరిపెట్టడం కూడా సరికాదు. డబ్బు లేని ఉద్యమాలన్నీ కొందరి నిద్ర, ఆరోగ్యం, ఇంటి సమయం ఖర్చు పెట్టుకునే నడుస్తాయి. దేన్ని ఎవరు ఖర్చు పెట్టారో లెక్క రాసుకోవడం ఉద్యమానికి ఉండాల్సిన కనీస మర్యాద. అంబేడ్కర్ ఆ మర్యాద పాటించారు. ఆ సంగతి కొంచెం కిందికి వస్తుంది.

హిందూ కోడ్ బిల్లు ఆగిపోయాక 1951లో అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా చేసి, అలీపూర్ రోడ్డులోని 26వ నంబర్ ఇంట్లోకి మారారు. పదవి పోగానే పదవితో వచ్చిన హంగూ పోయింది. 1952 లోక్‌సభ ఎన్నికల్లో ఓడిపోయారు. రాజ్యసభ సభ్యత్వం ఉన్నా, ఢిల్లీ రాజకీయాల్లో ఆయన మాట వినే అధికార వర్గం లేదు. ఆ ఐదేళ్లలోనే ఆయన రాత ఉధృతమైంది. హైదరాబాద్‌ను దేశానికి రెండో రాజధాని చేయాలని సూచించిన భాషా రాష్ట్రాల పుస్తకం 1955లో వచ్చింది. రిడిల్స్ ఇన్ హిందూయిజం, బుద్ధుడు-కార్ల్ మార్క్స్ లాంటివి రాతప్రతులుగానే మిగిలాయి. అన్నిటికంటే ఎక్కువ శ్రమ తీసుకున్నది బుద్ధుడు-ఆయన ధమ్మం.

ఆ పుస్తకం అచ్చు వేయించడానికి కూడా డబ్బు లేదు. 1956 సెప్టెంబర్‌లో అంబేడ్కర్ ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశారు. బుద్ధ జయంతి 2500 ఏళ్ల ఉత్సవాలు జరుగుతున్నాయి కాబట్టి ప్రభుత్వం 500 ప్రతులు కొనాలని అడిగారు. నెహ్రూ కుదరదన్నారు. అచ్చుకే డబ్బు లేని పుస్తకానికి టైపు కూలి ఎక్కడినుంచి వస్తుంది? రత్తు, ప్రకాశ్ చంద్ అనే మరొకరు కలిసి ఆ రాతప్రతిని పలుమార్లు టైపు చేశారు.

అంబేడ్కర్ ఆ అప్పును కాగితం మీద ఒప్పుకున్నారు. ఈ పుస్తకం కోసం రాసిన ముందుమాటలో ఇద్దరికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పారు. రత్తు ఏ ప్రతిఫలం తీసుకోకుండా, ఆరోగ్యం కూడా చూసుకోకుండా ఈ పని చేశారని, వాళ్ల శ్రమకు బదులు తీర్చలేనని రాశారు. అదే ముందుమాటలో భార్య సవితా అంబేడ్కర్‌కు, వైద్యుడు మాల్వంకర్‌కు కూడా కృతజ్ఞతలు ఉన్నాయి. కానీ అంబేడ్కర్ పోయాక 1957లో పుస్తకం వెలువడినప్పుడు ఈ ముందుమాట అందులో లేదు. 1980లో భగవాన్ దాస్ అంబేడ్కర్ అరుదైన ముందుమాటలను సేకరించి ప్రచురించినప్పుడు అది పాఠకుల ముందుకు వచ్చింది. రచయిత స్వయంగా రాసిన కృతజ్ఞత రెండు దశాబ్దాలకు పైగా పుస్తకానికి బయటే ఉండిపోయింది.

రత్తు ద్వారా మనకు అందింది టైపు ప్రతులే కాదు. ఎంతో కష్టపడి ఈ బిడారును ఇక్కడిదాకా లాక్కొచ్చాను, ముందుకు నడపలేకపోతే ఉన్నచోటే వదిలేయండి, వెనక్కి మాత్రం పోనివ్వకండి అనే అర్థంలో బాబాసాహెబ్ చెప్పిన మాట తెలియని కార్యకర్త ఉండడు. మన సభల్లో రథం అనీ, బండి అనీ రకరకాలుగా చెప్పుకుంటాం. ఆ మాట ఏ సభలోనూ అన్నది కాదు, ఏ పుస్తకంలోనూ రాసింది కాదు. 1956 జూలై 31న కన్నీళ్లతో తనతో అన్నారని రత్తు నమోదు చేశారు. కోట్లమంది నోట నానిన సందేశం ఒక కార్యదర్శి జ్ఞాపకం మీద నిలబడి ఉంది.

ఆ అక్టోబర్‌లో దీక్ష కోసం నాగపూర్‌కు బయల్దేరిన అంబేడ్కర్ దంపతుల వెంట రత్తు ఉన్నారు. డిసెంబర్ 5 రాత్రి కూడా ఉన్నారు. ఆ రాత్రి గురించి జీవిత చరిత్రల్లో మనం చదివేదంతా ప్రధానంగా ఆయన చెప్పిందే. జైన ప్రతినిధులు వచ్చి వెళ్లారు. బాబాసాహెబ్ బుద్ధ వందన పాడుకున్నారు, ఆ రికార్డు పెట్టించుకుని విన్నారు. రత్తు భుజం మీద చేయి వేసి నడుస్తూ బీరువాల్లోంచి కొన్ని పుస్తకాలు తీయించారు. రత్తు ఇంటికి బయల్దేరాక మళ్లీ పిలిపించి, బుద్ధుడు-ఆయన ధమ్మం పుస్తకపు పరిచయం, ముందుమాట టైపు ప్రతులు, ఆచార్య అత్రేకు, ఎస్.ఎం. జోషికి రాసిన ఉత్తరాలు పక్కనున్న బల్ల మీద పెట్టమన్నారు. రాత్రి చూసుకోవాలని. తెల్లారేసరికి ఆయన లేరు. కబురు అందుకుని పరుగున వచ్చిన రత్తే ఫోన్లు చేసి ఢిల్లీకి, బొంబాయికి ఆ వార్త చెప్పారు.

ఆ తర్వాత రత్తు సాక్ష్యం వివాదంలో పడింది. మరణంపై అనుమానాలు లేచాయి, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన సవితా అంబేడ్కర్ మీద ఆరోపణలు వచ్చాయి. ప్రభుత్వ విచారణ సహజ మరణమేనని తేల్చింది. రత్తు రాసిన పుస్తకాల్లో ఆమె పట్ల తీవ్రమైన అసంతృప్తి ఉంది. ఆమె మరాఠీ ఆత్మకథ చదివితే అదే ఇల్లు వేరేగా కనిపిస్తుంది. పరిశోధన చేసే విద్యార్థులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. దగ్గరున్న మనిషికి ఎక్కువ తెలుస్తుంది, ఎక్కువ బాధా ఉంటుంది. ఏ రోజు ఏ కాగితం టైపయింది, ఎవరు వచ్చారు లాంటి విషయాల్లో రత్తు విలువైన సాక్షి. ఇంట్లో మరొకరి ఉద్దేశాలను ఆయన అంచనా కట్టినచోట మాత్రం అది ఒక పక్షం మాటగానే తీసుకోవాలి.

గాంధీ కార్యదర్శి మహదేవ్ దేశాయ్‌తో పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో అర్థమవుతుంది. దేశాయ్ 1917 నుంచి 1942లో చనిపోయేదాకా గాంధీ దగ్గరే ఉన్నారు. ఆయన వెనక ఆశ్రమం, పత్రికలు, ప్రచురణ సంస్థ ఉన్నాయి. ఆయన డైరీలు సంపుటాలుగా అచ్చయ్యాయి. గాంధీ సమగ్ర రచనల పని భారత ప్రభుత్వం మొదలుపెట్టింది 1956లో, అంటే అంబేడ్కర్ కన్నుమూసిన ఏడాదే. అంబేడ్కర్ కాగితాలు మాత్రం ఏళ్ల తరబడి కోర్టు వ్యవహారాల్లో చిక్కుకున్నాయి, కొన్ని పాడైపోయాయి. మహారాష్ట్ర ప్రభుత్వం వసంత్ మూన్ సంపాదకత్వంలో తొలి సంపుటం తెచ్చింది 1979లో. రిడిల్స్ అచ్చయింది 1987లో. అప్పుడు కూడా నిషేధించాలని గొడవ లేస్తే, పుస్తకాన్ని కాపాడుకోవడానికి దళితులు బొంబాయి వీధుల్లోకి రావాల్సి వచ్చింది. అంత ఆలస్యంగానైనా అచ్చు వేయడానికి టైపు ప్రతులంటూ మిగిలి ఉన్నాయంటే, అలీపూర్ రోడ్డు ఇంట్లో జరిగిన ఆ రాత్రి పని దానికి ఒక ముఖ్య కారణం.

రత్తు తన జ్ఞాపకాలను చాలా ఆలస్యంగా పుస్తకాలుగా తెచ్చారు. రెమినిసెన్సెస్ అండ్ రిమెంబ్రెన్సెస్ ఆఫ్ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1995లో, లాస్ట్ ఫ్యూ ఇయర్స్ ఆఫ్ డాక్టర్ అంబేడ్కర్ 1997లో వెలువడ్డాయి. తన దగ్గర భద్రంగా దాచిన బాబాసాహెబ్ వస్తువులను నాగపూర్ దగ్గరి చిచోలీ శాంతివన్‌కు అప్పగించారు. అక్కడి ప్రదర్శనలో బట్టలతో పాటు టైపు మిషన్ కూడా ఉంది. 2002లో ఆయన కన్నుమూశారు.

ఈ జీవితం నుంచి మనం తీసుకోవాల్సిన పని ఒకటుంది. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత నడిచిన ఉద్యమాల్లోనూ కరపత్రాలు రాసినవాళ్లు, పిటిషన్లు టైపు చేసినవాళ్లు, పత్రికల కత్తిరింపులు దాచినవాళ్లు ఉన్నారు. వేదిక మీద మాట్లాడినవాళ్ల పేర్లు మనకు తెలుసు. కాగితాలు దాచినవాళ్ల పేర్లు చాలావరకు తెలియవు. వాళ్లలో చాలామంది ఇప్పుడు వయసు పైబడినవాళ్లు. వాళ్ల ఇళ్లలోని ట్రంకు పెట్టెల్లో ఉన్నది చెదలు పట్టకముందే వెళ్లి కలవాలి, కాగితాలతో పాటు వాళ్ల పనినీ పేరుతో సహా నమోదు చేయాలి. అంబేడ్కర్ తన టైపిస్టుల పేర్లు ముందుమాటలో రాశారు. మనం అచ్చు వేసే ప్రతి పుస్తకంలో, ప్రతి నివేదికలో కనీసం ఆ ఒక్క పేరా ఉండాలి, దాన్ని ఎవరూ తీసేయకుండా చూసుకోవాలి.