అద్దాన్ని గురువు చేసుకున్న అలెగ్జాండర్

అలెగ్జాండర్ అనగానే మన విద్యార్థి లోకానికి గుర్రమెక్కి ప్రపంచాన్ని జయించబోయిన గ్రీకు వీరుడే గుర్తొస్తాడు. ఈ వ్యాసం ఆయన గురించి కాదు. ఈ అలెగ్జాండర్‌కీ గుర్రాలంటే ప్రాణమే గాని, ఈయన లొంగదీసుకోవాలనుకున్నది తన మెడను. మెడను లొంగదీసుకోవడమేమిటి, నవ్వులాటగా ఉందే అంటారా? పరీక్షల రోజుల్లో రాత్రి పన్నెండు గంటలకు మన హాస్టలు వరండాలోంచి ఒకసారి గదుల్లోకి తొంగిచూడండి. వీపు విల్లులా వంగి, గడ్డం ముందుకు పొడుచుకువచ్చి, పుస్తకం మీదో సెల్‌ఫోన్ మీదో వేలాడే తలలు కనిపిస్తాయి. ఆ తల ఒక్కొక్కటీ సుమారు 5 కిలోల బరువు. ఆ బరువును మోసే తీరు చెడితే గొంతూ ఊపిరీ నడకా కూడా ఎలా చెడతాయో తెలుసుకోవడానికి ఈ మనిషి తన జీవితమంతా ఖర్చుపెట్టాడు.

ఫ్రెడరిక్ మథయస్ అలెగ్జాండర్ 1869 జనవరి 20న, ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో, వైన్‌యార్డ్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి కమ్మరి. తాతల కాలంలో ఇంగ్లండు నుంచి ద్వీపాంతర శిక్ష మీద వచ్చి స్థిరపడిన కుటుంబం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లవాడు కావడంతో చిన్నప్పటినుంచీ ఒకటే ఆయాసం, రోగిష్టితనం. బడికి సరిగా వెళ్ళలేకపోతే ఊరి పంతులుగారే సాయంత్రాలు విడిగా పాఠాలు చెప్పాడు. షేక్స్‌పియర్ పిచ్చి పట్టుకున్నది అప్పుడే. పదహారేళ్ళ ప్రాయంలో ఇంటి పరిస్థితి బాగాలేక వారటా అనే ఊళ్ళో తగరపు గనుల కంపెనీలో గుమాస్తాగా చేరాడు. అక్కడే స్వయంకృషితో వయొలిన్ నేర్చుకున్నాడు, నాటకాలాడాడు. 1889లో మెల్‌బోర్న్ చేరి, కూడబెట్టిన డబ్బంతా మూడు నెలల్లో నాటకాలకూ కచేరీలకూ చిత్రప్రదర్శనలకూ తగలేశాడు. ఆ తర్వాత మళ్ళీ గుమాస్తా కొలువే.

ఆ కాలంలో ఒక్క మనిషే వేదికమీద నిలబడి నాటక ఘట్టాలు, కవితలు గంటల తరబడి వినిపించే ప్రదర్శనలకు మంచి గిరాకీ ఉండేది. మైకులు లేవు. చివరి బెంచీదాకా వినిపించాలంటే కంఠంలో సత్తువ ఉండాల్సిందే. (మైకులు రాకముందు మన పద్యనాటకాల్లో వేషాలు కట్టినవారిని అడిగితే ఆ అవస్థ చెప్పేవారు.) అలెగ్జాండర్ ఆ వృత్తిలో పేరు తెచ్చుకుంటున్న సమయంలోనే గొంతు బొంగురుపోవడం మొదలైంది. ఊపిరి తీసుకుంటుంటే ఆ చప్పుడు ముందు వరసలో వాళ్ళకు వినపడుతోందని స్నేహితులు చెప్పారు. నటుడికి అంతకన్నా అవమానం ఏముంటుంది?

వైద్యులు మందులిచ్చారు. ఒక ముఖ్యమైన ప్రదర్శనకు ముందు, రెండు వారాలపాటు గొంతుకు వీలైనంత విశ్రాంతి ఇమ్మని డాక్టరు సలహా చెబితే అలాగే చేశాడు. వేదిక ఎక్కేసరికి కంఠం గంటలా మోగింది. సగం కార్యక్రమం అయ్యేసరికి మళ్ళీ మామూలే. ముగిసేసరికి మాటే పెగలలేదు. మర్నాడు డాక్టరు దగ్గరకు వెళ్ళి ఒక ప్రశ్న వేశాడు. మొదలుపెట్టినప్పుడు బాగున్న గొంతు చివరికి చెడిందంటే, నడుమ తాను చేసిన పని ఏదో దాన్ని చెడగొట్టి ఉండాలి కదా అని. డాక్టరు అవునన్నాడు. ఆ పని ఏమిటంటే మాత్రం ఆయనకూ తెలియదు. మనమైతే డాక్టరును మార్చేవాళ్ళం. అలెగ్జాండర్ ఇంటికి పోయి అద్దం ముందు నిలబడ్డాడు.

మామూలుగా మాట్లాడుతున్నప్పుడు అద్దంలో తేడా ఏమీ కనపడలేదు. షేక్స్‌పియర్ మొదలుపెట్టగానే మూడు సంగతులు బయటపడ్డాయి. తల వెనక్కి లాగుతున్నాడు, స్వరపేటికను కిందికి అణుస్తున్నాడు, నోటితో గాలిని గుటకలు వేస్తున్నాడు. ఇంకా నిదానించి చూస్తే, మామూలు మాటల్లోనూ ఈ మూడూ ఉన్నాయి, కాకపోతే కొద్దిగా. గాలి గుటకలు ఆపుదామంటే ఆగలేదు. గొంతు అణచకుండా ఉందామన్నా కుదరలేదు. తల వెనక్కి పోకుండా కొంత ఆపగలిగినప్పుడు మాత్రం తక్కిన రెండూ వాటంతటవే తగ్గాయి. తలకూ మెడకూ వీపుకూ నడుమ ఉన్న పొందికే ఒంటి మొత్తానికీ తాళంచెవి అన్న ఆయన సిద్ధాంతానికి ఇదే పునాది.

ఇక్కడితో కథ సుఖాంతమైతే ఈ వ్యాసం అవసరమే లేదు. తల ముందుకూ పైకీ పెట్టి మాట్లాడితే సరిపోతుందనుకుని అలాగే సాధన చేశాడు. గొంతు పూర్తిగా బాగుపడలేదు. అనుమానం వచ్చి, మొదటి అద్దానికి అటూ ఇటూ మరో రెండు అద్దాలు పెట్టుకుని పక్కనుంచి చూసుకున్నాడు. మాట మొదలుపెట్టే క్షణంలో తల ముందుకు పోవడంలేదు సరిగదా, వెనక్కి పోతోంది! తాను మాత్రం ముందుకే పెట్టానని నమ్ముతున్నాడు. కళ్ళు ఒకటి చెబుతున్నాయి, ఒళ్ళు మరొకటి చెబుతోంది. ఏళ్ళ తరబడి అలవాటైపోయిన వంకరే ఒంటికి తిన్నగా తోస్తుంది. నిజంగా తిన్నగా ఉన్న స్థితి వంకరగా, ఎబ్బెట్టుగా తోస్తుంది. నా దృష్టిలో అలెగ్జాండర్ కనిపెట్టిన వాటిలోకెల్లా గొప్పది ఇదే. డ్రిల్లు మాస్టారు ఛాతీ విరుచుకుని నిలబడమని ఎంత అరిచినా ఉపయోగం లేకపోవడానికి కారణం కూడా ఇదే. మనం మన పాత పద్ధతిలోనే విరుచుకుంటాం, ఒక వంకర పోయి ఇంకో వంకర వస్తుంది.

ఇంకా చూస్తే వంకర మెడతో ఆగలేదు. ఛాతీ ఎగదన్ని, వీపు కుదించి, కాళ్ళు బిగబట్టి నిలబడుతున్నాడు. నటన నేర్పిన గురువు పాదాలతో నేలను గట్టిగా పట్టి నిలబడమన్న మాటను అక్షరాలా పాటించిన ఫలితమది. గురువాక్యం ఎంత పని చేసిందో చూడండి.

చివరికి ఆయనకు దొరికిన దారి విచిత్రమైనది. మాట్లాడాలన్న తలపు రాగానే, మాట్లాడకుండా ఆగడం. ఆ ఆగిన క్షణంలో మెడ వదులుగా, తల ముందుకూ పైకీ, వీపు పొడుగ్గా వెడల్పుగా ఉండాలని మనసులో అనుకుంటూ ఉండటం, కండరాలతో ఏదీ బలవంతంగా చెయ్యకపోవడం. ఆఖరి క్షణంలో మళ్ళీ నిర్ణయించుకోవడం: ఆ వాక్యం పలకనూవచ్చు, మానెయ్యనూవచ్చు, అది కాక చెయ్యి పైకెత్తనూవచ్చు. ఏది ఎంచుకున్నా మెడ సంగతి మాత్రం మరవకూడదు. పాత అలవాటుకు తెలియకుండా పక్కదారి పట్టడమన్నమాట. నెలల తరబడి ఈ సాధన చేశాక గొంతు బాగుపడింది, చిన్ననాటి ఆయాసమూ పోయింది. ఇదంతా మనకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత 1932లో ఆయనే రాసిన పుస్తకం ద్వారానని గుర్తుంచుకోవాలి. అనుభవం నడిచినదానికన్నా కథ కొంచెం చక్కగా నడిచి ఉండవచ్చు.

నటులు, గాయకులు, పిమ్మట డాక్టర్లు పంపే రోగులు ఆయన దగ్గరకు రాసాగారు. మెల్‌బోర్న్ తర్వాత సిడ్నీ. అక్కడ స్టీవర్ట్ మెకే అనే శస్త్రవైద్యుడు లండన్ వెళ్ళమని ప్రోత్సహించాడు. ప్రయాణానికి డబ్బు? గుర్రప్పందెంలో వచ్చింది! తన విద్య గురించి అంత నియమంగా బోధించిన మనిషి జీవితాంతం పందేలు మాత్రం మానలేదు. 1904లో లండన్ చేరాక లిలీ బ్రేటన్, ఆస్కార్ ఆష్ వంటి రంగస్థల ప్రముఖులు శిష్యులయ్యారు. 1910లో మొదటి పుస్తకం వెలువడింది. ఆయనంటే గౌరవం ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. తెల్లవాళ్ళు కాని జాతుల గురించి అందులో రాసిన రాతలు ఈనాడు చదివితే ఒళ్ళు మండుతుంది. తన మెడ వంకరను మూడద్దాల్లో పట్టుకున్నవాడు ఈ వంకరను చూసుకోలేకపోయాడు.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా వెళ్ళి పాఠాలు చెప్పాడు. 1916లో తత్త్వవేత్త జాన్ డ్యూయీ శిష్యుడుగా చేరడం ఆయన అదృష్టం. మన బి.ఎడ్. విద్యార్థులు పేరు వినే డ్యూయీయే. అలెగ్జాండర్ పుస్తకాలు మూడింటికి ఆయన పీఠికలు రాశాడు. అలవాట్ల గురించి 1922లో రాసిన తన గ్రంథంలో, తిన్నగా నిలబడాలని సంకల్పించినంత మాత్రాన ఎవరూ తిన్నగా నిలబడలేరన్న వాదాన్ని ఈ అనుభవంతోనే వివరించాడు.

పాఠం ఎలా ఉండేదంటే, పైకి చూడటానికి ఏమీ ఉండదు. ఒక కుర్చీ, ఒక శిష్యుడు. గురువు చేతులు మెత్తగా మెడ మీదా వీపు మీదా ఉంటాయి. లేవమంటాడు, కాని లేవాలన్న తొందరను ముందు ఆపుకోమంటాడు. ఆ చేతుల నడిపింపులో శిష్యుడు లేస్తే, తన బరువు ఎటుపోయిందో తనకే తెలియనంత తేలిగ్గా ఉండేదట. ఆసనాలు లేవు, దండీలు బస్కీలు లేవు. వ్యాయామాలు చేయిస్తే ఉన్న వంకరే గట్టిపడుతుందని ఆయన మొండి నమ్మకం. మన యోగాతో దీనికి చుట్టరికం కలపాలని కొందరికి ఉబలాటం గాని, కలపకపోతేనే రెండింటికీ మర్యాద. లండన్‌లో ఆష్లే ప్లేస్ అనే వీధిలోని ఆయన ఇంటికి బెర్నార్డ్ షా వచ్చాడు, ఆల్డస్ హక్స్‌లీ వచ్చాడు, మనకు 1942 రాయబారం ద్వారా తెలిసిన స్టాఫర్డ్ క్రిప్స్ వచ్చాడు. 1931లో ఉపాధ్యాయులను తయారుచేసే తరగతి మొదలైంది.

పెద్దవాళ్ళ మెప్పు వేరు, శాస్త్రజ్ఞుల ఒప్పుకోలు వేరు. 1944లో దక్షిణాఫ్రికాలో ఒక వ్యాయామ విద్యా పత్రిక ఆయన పద్ధతిని నాటువైద్యపు మోసమని దుమ్మెత్తిపోసింది. అలెగ్జాండర్ పరువునష్టం దావా వేశాడు. ప్రతివాదుల పక్షాన బ్రిటన్‌లోని పేరుమోసిన శరీరధర్మ శాస్త్రజ్ఞులు సాక్ష్యం చెప్పారు. 1948లో జోహానెస్‌బర్గ్ కోర్టు ఆయనకు 1000 పౌన్ల పరిహారం ఇప్పించింది, మరుసటి ఏడు అప్పీలు కూడా వీగిపోయింది. అయితే దావా గెలిచినంత మాత్రాన విద్య శాస్త్రమని రుజువైనట్టు కాదు. అసలు ప్రశ్న అలాగే మిగిలింది. 1973లో నోబెల్ బహుమతి అందుకున్న జంతుశాస్త్రజ్ఞుడు టిన్‌బర్గెన్ తన ఉపన్యాసంలో సగం దాకా అలెగ్జాండర్‌కే కేటాయిస్తే విన్నవాళ్ళు విస్తుపోయారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. ఎంతకీ వదలని నడుంనొప్పి ఉన్న 579 మందిని బృందాలుగా విడదీసి చూశారు. ఏడాది తర్వాత మామూలు వైద్యమే పొందినవాళ్ళు నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పితో ఉంటే, 24 పాఠాలు నేర్చుకున్నవాళ్ళకు 3 రోజులే. నొప్పి తగ్గినమాట నిజమే గాని, తల-మెడ పొందిక గురించి ఆయన కట్టిన సిద్ధాంతమంతా దీంతో రుజువైందని చెప్పడానికి వీల్లేదు.

కోర్టులో విచారణకు ఆయన స్వయంగా వెళ్ళలేకపోయాడు. 1947 డిసెంబరులో, 78వ ఏట, పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మళ్ళీ లేచి పాఠాలు చెప్పడం అసాధ్యమనుకున్నారు. ఇన్నాళ్ళూ శిష్యులకు చెప్పినదంతా ఇప్పుడు తనమీద తానే ప్రయోగించుకోవలసి వచ్చింది. కొన్ని నెలల్లో లేచాడు, తిరిగి కుర్చీ పక్కన నిలబడ్డాడు. 1955 అక్టోబరు 10న లండన్‌లో, 86 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. దాదాపు ఆఖరి రోజులదాకా పాఠాలు చెబుతూనే ఉన్నాడు.