ప్రకృతి పద్దులు చూచిన ఆడిటరు: జె.సి. కుమారప్ప

ఒక వర్తకుడు తన దుకాణంలోని త్రాసును, బీరువాలను, చివరకు ఇంటి దూలాలను సైతం అమ్ముకొని, ఆ వచ్చిన సొమ్మును లాభాల పద్దులో వ్రాసుకుంటే లెక్కలు తెలిసినవారు నవ్వుతారు. మూలధనాన్ని తిని ఆదాయమనుకొనే ఆ వర్తకుడు ఎంతోకాలం నిలువలేడు. కాని ఒక దేశం తన అడవులను నరికి, గనులను తోడి, భూసారాన్ని హరించి, పల్లెల చేతిపనులను మట్టుబెట్టి, ఆ మొత్తాన్ని అభివృద్ధి క్రింద జమకట్టుకుంటే అడిగేవారెవరు? నేడు ప్రపంచమంతా తర్కించుకుంటున్న ఈ ప్రశ్నను సుమారు ఎనభై సంవత్సరాల క్రితమే చెరసాలలో కూర్చుండి గ్రంథంగా వ్రాసిన మహనీయుడు డాక్టర్ జె.సి. కుమారప్ప. ఆయన వృత్తిరీత్యా ఆడిటరు. జీవితాంతం ఆడిటరుగానే ఉన్నాడు. మారినది ఆయన తనిఖీ చేసిన ఖాతా మాత్రమే.

1892 జనవరి 4వ తేదీన తంజావూరులో ఒక క్రైస్తవ కుటుంబంలో ఆయన జన్మించాడు. తండ్రి ప్రజాపనుల శాఖలో ఉద్యోగి. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. ఇంట భక్తి, క్రమశిక్షణ రెండూ సమానంగా ఉండేవి. యువకుడైన జోసెఫ్ లండన్ వెళ్లి గణకశాస్త్రంలో శిక్షణ పొంది, అక్కడనే కొంతకాలం పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత తల్లి కోరికపై స్వదేశానికి వచ్చి బొంబాయిలో ఆడిటరుగా స్థిరపడ్డాడు. దొరల వేషం, దొరల అలవాట్లు, మంచి రాబడి అన్నీ ఆయనకు అమరాయి. ఆనాడు ఆయనను చూచినవారెవరూ, ఈ మనిషి ఒకనాడు మట్టి గుడిసెలో కాపురముంటాడని ఊహించి ఉండరు.

1927లో ఆయన అమెరికా ప్రయాణమయ్యాడు. సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణ చదివి, పిమ్మట న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రఖ్యాత ఆర్థికవేత్త సెలిగ్మన్ వద్ద చేరాడు. ఒక చర్చిలో భారతదేశపు పేదరికానికి కారణాలేమిటో వివరిస్తూ ఆయన చేసిన ఉపన్యాసం పత్రికలో వచ్చింది. అది చూచిన ఆచార్యుడు ఆ విషయం మీదనే పరిశోధన చేయవలసిందిగా సూచించాడు. ఆంగ్ల ప్రభుత్వం వసూలు చేసే పన్నులను, అవి ఖర్చయ్యే తీరును పద్దువారీగా పరిశీలించిన కొలది ఆ యువకుని కండ్ల పొరలు వీడిపోయాయి. పేదల వద్ద పుచ్చుకున్నది పేదలకు తిరిగి చేరడం లేదు. బొంబాయి కంపెనీల ఖాతాలలో ఏనాడూ కనిపించని దొంగ లెక్క ఆయనకు ఒక సామ్రాజ్యపు ఖాతాలో కనిపించింది.

1929లో స్వదేశానికి తిరిగివచ్చి, పూర్వీకుల పేరైన కుమారప్పను మరల ధరించాడు. ఆ సంవత్సరం మే 9వ తేదీన తన పరిశోధన ప్రతిని చేతబట్టుకొని సబర్మతి ఆశ్రమానికి వెళ్లాడు. చెట్టు క్రింద పేడతో అలికిన నేలమీద కూర్చుండి రాట్నం త్రిప్పుతున్న ఒక వృద్ధుని, ఆయన ఎవరో తెలియకుండానే చాలాసేపు చూస్తూ నిలుచున్నాడు. ఆయనే గాంధీజీ అని తెలిసిన వెంటనే, తన విలువైన దుస్తులు మాసిపోతాయన్న తలంపు లేకుండా ఆ నేలమీదనే కూర్చున్నాడు. గాంధీజీ ఆ పరిశోధనను యంగ్ ఇండియా పత్రికలో వరుసగా ప్రచురించడానికి అంగీకరించి, దానితోబాటు ఒక పని అప్పగించాడు. గ్రంథాలలో చదివిన పేదరికాన్ని గ్రామంలోకి పోయి కొలిచి రమ్మన్నాడు.

ఆ విధంగా ఆరంభమైనది గుజరాత్ లోని ఖేడా జిల్లా మాతర్ తాలూకా సర్వే. గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థులను వెంటబెట్టుకొని కుమారప్ప 1929 చివరినుండి 1930 తొలి నెలల వరకు 54 గ్రామాలు తిరిగాడు. ఎవరికెంత భూమి ఉన్నది, ఏ పంట పండుతున్నది, పశువులెన్ని, అప్పులెన్ని, బావిలో నీరు ఏ నెలవరకు ఉంటుంది, ఇంట్లో ఏమి వండుకుంటున్నారు అని ఇల్లిల్లూ అడిగి వ్రాసుకున్నారు. అంతకు మునుపు గ్రామాల లెక్కలు ప్రభుత్వం శిస్తుకోసం వ్రాసుకొనేది. ఈసారి గ్రామస్థుడు తన బ్రతుకును గురించి తానే చెప్పుకోగా లెక్క తయారైనది. శిస్తు కట్టవలసిన రైతుకు శిస్తు కట్టగలిగే ఆదాయమే లేదని ఆ లెక్క తేల్చింది. 1930 మార్చిలో దండి యాత్ర మాతర్ గ్రామం మీదుగానే సాగడం ఇక్కడ గుర్తుచేసుకోదగిన విషయం.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో కుమారప్ప యంగ్ ఇండియా నిర్వహణలో పాలుపంచుకొని కారాగారానికి వెళ్లాడు. క్రైస్తవుడై ఉండి ప్రభుత్వాన్ని ఎదిరించడమేమని మత పెద్దలు కొందరు ఆక్షేపించగా, పేదల పక్షాన నిలవడమే తన మతం నేర్పినదని ఆయన ధైర్యంగా సమాధానమిచ్చాడు. మతాన్ని విడిచి దేశాన్ని గాని, దేశాన్ని విడిచి మతాన్ని గాని ఆయన కోరుకోలేదు.

1934 జనవరి 15న బీహారులో ఘోర భూకంపం సంభవించింది. బాబూ రాజేంద్ర ప్రసాద్ ఆధ్వర్యంలోని సహాయ నిధి లెక్కలు చూచే బాధ్యత కుమారప్పకు అప్పగించారు. సేవకుల భోజన వ్యయానికి ఆయన ఒక స్వల్పమైన పరిమితి విధించాడు. గాంధీజీ పరివారంతో వచ్చినప్పుడు కూడా ఆ పరిమితిని సడలించలేదు. వారి ఖర్చులు వారే భరించాలని స్పష్టం చేశాడు. గాంధీజీ సంతోషంగా అంగీకరించాడు. దాతలు ఇచ్చిన ప్రతి పైసా కూలిన ఇంటికి చెందవలసినదేగాని, కూలని పేరు ప్రతిష్ఠలకు కాదన్నది ఆ ఆడిటరు నియమం.

ఆ ఏడాది డిసెంబరులో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని నిర్వహణ భారం కుమారప్పపై పడింది. జమన్‌లాల్ బజాజ్ ఇచ్చిన తోటలో, మగన్‌లాల్ గాంధీ పేరిట వెలసిన మగన్‌వాడి ఆయనకు కార్యక్షేత్రం. సోదరుడు భరతన్ కుమారప్ప కూడా ఆ పనిలో తోడైనాడు. అక్కడ జరిగిన పనిని పైపైన చూస్తే గానుగ, రోకలి, తేనెపెట్టె, చేతి కాగితం మాత్రమే కనిపిస్తాయి. లోతుగా చూస్తే ప్రతి పనిలోనూ ఒక లెక్క ఉన్నది.

వడ్లు మిల్లుకు పోతే బియ్యం తెల్లబడుతుంది. తవుడులోని పోషక పదార్థం తొలగిపోతుంది. దంపుడు పనితో బ్రతికే స్త్రీల చేతికూడు పోతుంది. కనుక దంపుడు బియ్యం తినమన్నాడు. నువ్వులు దూరపు మిల్లుకు పోతే నూనె మాత్రమే తిరిగి వస్తుంది. తెలగపిండి పశువుకూ పొలానికీ దక్కదు. కనుక గ్రామపు గానుగను బాగుచేసే ప్రయత్నం చేశాడు. చెరకు కోసం తిండిపంటల నేలను వాడుకోవడం కంటె, సాగుకు పనికిరాని చోట్ల పెరిగే తాటి, ఈత చెట్లనుండి బెల్లం తీయడం మేలన్నాడు. ప్రతి సాయంకాలం కిరసనాయిలు దీపం వెలిగించినప్పుడల్లా పల్లె సొమ్ము సముద్రాలు దాటిపోతున్నదని గుర్తించి, ఊళ్లో దొరికే గింజల నూనెతో వెలిగే మగన్ దీపాన్ని మగన్‌వాడిలో రూపొందింపజేశాడు. ఊరి చెత్తను, మలమూత్రాలను కంపోస్టుగా మార్చి పొలానికి చేర్చితే పారిశుద్ధ్యం, పంట రెండూ కలసి వస్తాయని చూపించాడు. లక్ష మంది జనాభా గల ప్రాంతానికి సమతులాహారం సమకూరాలంటే ఏ పంటకు ఎంత భూమి కేటాయించాలో పట్టిక వేసి ఇచ్చాడు. ఏ పంటకు ధర ఎక్కువ అనే ప్రశ్నకంటె, ఇక్కడి బిడ్డలకు ఏది కావాలి అనే ప్రశ్న ముందు రావాలన్నది దాని సారాంశం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆంగ్ల ప్రభుత్వం కాగితపు రుణపత్రాలిచ్చి భారతదేశపు ధాన్యాన్ని, సరుకులను తరలించుకుపోతున్న తీరును ఆయన తన పత్రికలో బయటపెట్టాడు. ఫలితంగా మరల కారాగారవాసం ప్రాప్తించింది. జబల్పూరు చెరసాలలో ఆరోగ్యం క్షీణిస్తున్న రోజులలోనే ఆయన రెండు గ్రంథాలు రచించాడు. ఒకటి ఏసుక్రీస్తు ఆచరణను, ఉపదేశాలను గురించినది. రెండవది శాశ్వతమైన ఆర్థిక వ్యవస్థను గురించినది. రెండవదానికి గాంధీజీ 1945లో పీఠిక వ్రాశాడు.

ఆ రెండవ గ్రంథంలోని భావం పల్లె రైతుకు కూడా సుబోధకమే. ప్రకృతి సంపద రెండు విధాలు. బొగ్గు, ముడి చమురు, ఖనిజాలు తొట్టిలో నిలువ ఉన్న నీటివంటివి. తోడిన కొలది తరిగిపోతాయి. తిరిగి పెరిగే అడవి, పంట, పశువు పారే కాలువ వంటివి. హద్దు మీరకుండా వాడుకుంటే తరతరాలకు చాలుతాయి. తొట్టి మీద ఆధారపడిన బ్రతుకు ఒకనాటికి ఎండిపోతుంది. అంతేకాదు, ఆ తొట్టి కోసం దేశాలు కొట్లాడుకుంటాయి. కనుక పర్యావరణ రక్షణ, శాంతి ఆయన దృష్టిలో ఒకే పద్దులోని అంకెలు. జీవుల బ్రతుకుతెరువులో కూడా ఆయన అయిదు మెట్లు చూచాడు. గొర్రెపిల్లను చంపి తినే పులి. తాను నాటని తోటలో పండ్లు కోసుకొనే కోతి. తన గూడు తాను కట్టుకొనే పక్షి. పట్టు మొత్తానికి తేనె కూర్చే తేనెటీగ. ప్రతిఫలం కోరక పిల్లల నోట మేత పెట్టే తల్లి. మానవుడు మొదటి మెట్టునుండి చివరి మెట్టుకు ఎదగడమే నాగరికత అని ఆయన నమ్మాడు.

స్వాతంత్ర్యం వచ్చింది. కాంగ్రెసు వ్యవసాయ సంస్కరణల సంఘానికి కుమారప్ప అధ్యక్షుడైనాడు. 1949లో వెలువడిన ఆ నివేదిక, దున్నేవానికీ ప్రభుత్వానికీ నడుమ దళారులు ఉండరాదని, భూ కమతాలకు గరిష్ఠ పరిమితి ఉండాలని సిఫారసు చేసింది. భూమిపై హక్కు లేనివాడు భూసారాన్ని కాపాడడని ఆయనకు తెలుసు. కాని దేశం నడచిన మార్గం వేరు. పెద్ద కర్మాగారాలు, పెద్ద ఆనకట్టలు, రసాయనిక ఎరువుల పట్ల నాయకులకు ఏర్పడిన మోజును ఆయన బహిరంగంగా విమర్శించాడు. నిన్నటి సహచరులు నేటి మంత్రులు. వారికి ఆయన మాట కరకుగా తోచింది. క్రమంగా ఆయన ఒంటరివాడైనాడు.

ఆయన చెప్పినదంతా నెగ్గిందని అనలేము. గానుగ మిల్లు ముందు నిలువలేకపోయింది. మగన్ దీపం విద్యుద్దీపం ముందు వెలవెలబోయింది. పెరిగే జనాభాకు తిండి పెట్టడానికి రసాయనిక ఎరువులు ఆ కాలంలో తోడ్పడ్డాయన్నదీ నిజమే. ఆయన పనిముట్లు పాతబడ్డాయి. ఆయన ప్రశ్న మాత్రం పాతబడలేదు. 1973లో షూమాకర్ తన సుప్రసిద్ధ గ్రంథంలో కుమారప్పను స్మరించాడు. భావితరాల అవసరాలకు భంగం కలుగని అభివృద్ధి కావాలని ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘం 1987లో ప్రకటించింది. బొగ్గు, చమురు మంటల వేడికి భూగోళం తాపం చెందుతున్న ఈ రోజులలో, తొట్టి, కాలువల భేదం శాస్త్రజ్ఞులకే కాదు, ఎండలో కూలిచేసే ప్రతివానికీ అనుభవమే.

చివరి సంవత్సరాలు ఆయన మధుర సమీపాన టి. కల్లుపట్టిలోని గాంధీనికేతన్ ఆశ్రమంలో గడిపాడు. వివాహం చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. తన గుడిసెలో ఒక నిరుపేద పల్లెవాని చిత్రపటం ఉంచుకొని, గాంధీజీ తన గురువైతే ఈయన ఆ గురువుకు గురువని పరిచయం చేసేవాడని చెబుతారు. 1960 జనవరి 30న, గాంధీజీ అస్తమించిన తేదీనాడే, మధురలో కుమారప్ప కన్నుమూశాడు.

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితంలో మనకు అందేంత దూరంలో ఉన్న ఘట్టం మాతర్ సర్వే. ఆ 54 గ్రామాలు తిరిగినవారు మీవంటి విద్యార్థులే. వారివద్ద ధనం లేదు, అధికారం లేదు. కాగితం, కలం, కాలినడక ఉన్నాయి. మన ఊరి చెరువు ఒకప్పుడు ఎంత విస్తీర్ణం, ఇప్పుడెంత? ఏ వీధిలో నీరు చాలదు, ఏ వీధిలో వృథా అవుతున్నది? చెత్త ఎక్కడికి పోతున్నది, దానిని ఎత్తేవారి ఆరోగ్యం ఎలా ఉన్నది? ఈ లెక్కలు ఇతరులు వ్రాసి ఇస్తారని ఎదురుచూడడం దండుగ. ఊరి లెక్క ఊరివారే వ్రాసుకొన్ననాడు ఆ ఊరి సంపదను మూలధనమని గుర్తించి కాపాడుకునేది కూడా వారే. ఒక వేసవి సెలవులో, ఒక వీధికి సంబంధించి, ఒక నోటుపుస్తకం నిండా అటువంటి లెక్క వ్రాయగలిగితే, ఆ ఆడిటరు మెచ్చే నివాళి అంతకు మించినది వేరొకటి ఉండదు.