మా రాగి బాయిలర్ ఇక లేదు

కర్నూలు పాతబస్తీలో మా ఇంటి పెరట్లో, బచ్చలికి, అంటే స్నానాల గదికి, ఆనుకొని నలభై ఏళ్లకు పైగా నీళ్లు కాచిన రాగి బాయిలర్ మొన్నటి చలికాలంతో సెలవు తీసుకుంది. అడుగున గొట్టం అతుకు దగ్గర మొదట చెమ్మ కనబడింది. తర్వాత బొట్లు పడ్డాయి. చివరికి మనం పెట్టిన మంటను అదే ఆర్పేసుకునే దాకా వచ్చింది. అదేమీ మందులేని జబ్బు కాదు, అంతకుముందు కూడా వచ్చి పోయిందే. ఈసారి చెయ్యి వేసేవాళ్లు దొరకలేదు, అంతే తేడా. అందుకే ఈ నివాళి బాయిలర్ ఒక్కదానికే కాదు, దాన్ని ఇన్నేళ్లు బతికించిన చేతులక్కూడా.

చూడనివాళ్ల కోసం దాని వాలకం చెప్పాలి. నడుమెత్తు రాగి పీపా. మధ్యలో నిట్టనిలువునా ఒక గొట్టం. గొట్టం అడుగున ఇనుప జల్లెడ, దాని కింద బూడిద రాలే పళ్లెం, నెత్తిన పొగగొట్టం. నిప్పు గొట్టంలో ఉంటుంది, నీళ్లు గొట్టం చుట్టూ ఉంటాయి. పొయ్యి మీద అండా పెట్టి కాస్తే సగం మంట గాలిపాలు. ఇందులో మంట నీళ్ల నడుమే కూర్చుంటుంది కాబట్టి గుప్పెడు పుల్లలతో పని అయిపోతుంది. రష్యావాళ్లు టీకి నీళ్లు కాచుకునే సమోవార్ లోపల ఉన్నదీ ఇదే ఏర్పాటు. పీపాకు పైన ఒక పక్క గరాటు, ఇంకో పక్క ముక్కు. గరాటులో పోసిన చన్నీళ్లు సన్నటి గొట్టం వెంబడి అడుక్కి దిగుతాయి. పైకి తేలి ఉన్న వేడినీళ్లను ముక్కులోంచి బయటికి తోస్తాయి. చెంబు పోస్తే చెంబు వస్తుంది, పోయకపోతే చుక్క రాదు.

ఈ బేరంలో ఎంత తెలివి ఉందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. కానీ అతుకుల్లో వేసే టంకం, అంటే తగరమూ సీసమూ కలిసిన ముద్ద, 200 డిగ్రీల లోపే కరగడం మొదలుపెడుతుంది. పక్కన నీళ్లున్నంతసేపు అతుకు వేడి నూరు డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. నీళ్లు లేకుండా మంట పెడితే మాత్రం టంకం కారి అతుకు నోరు తెరుస్తుంది. కిందివైపు కొళాయి ఉన్న బాయిలర్లు ఎక్కువగా ఇట్లాగే చచ్చాయి. ఎవరో ఆఖరి చుక్క దాకా పట్టుకుపోతారు, ఇంకెవరో చూసుకోకుండా అగ్గి పెడతారు. గరాటు బాయిలర్‌కు ఆ గండం లేదు, దాన్ని ఖాళీ చేయడం ఎవరి తరమూ కాదు. అయినా మా అవ్వ ఆ రూలు ఎవరికీ సడలించలేదు. “ముందు నీళ్లు చూడు, తరవాత అగ్గి బెట్టు” అని కొత్తకోడళ్ల దగ్గర్నించి చుట్టపుచూపుగా వచ్చిన అల్లుళ్ల దాకా అందరికీ చెప్పేది.

నీళ్లకు కరువున్న సీమలో దీనికి ఇంకో గొప్ప కూడా ఉండేది. గీజర్ కొళాయి తిప్పితే వేడినీళ్లు వచ్చేలోపు పైపులో నిలిచిన చన్నీళ్లు అరబకెట్టు దాకా బండల మీద పోతాయి. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన ఇళ్లల్లో అరబకెట్టంటే ఒక మనిషి స్నానం. బాయిలర్ ముక్కు కింద తొలిచుక్క నుంచీ వేడే.

ఇక దాని శత్రువు సంగతి. తుప్పూ కాదు, మంటా కాదు, మా నీళ్లే. కర్నూలు నుంచి కడప దాకా భూమి కింద సున్నపురాయి పరుపులు పరుపులుగా ఉంది. 1872లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాళ్లకు కడప, కర్నూలు పేర్లే పెట్టి ఒక పెద్ద గ్రంథం రాశాడు. బేతంచెర్ల బండలూ, కడప బండలూ, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలూ అన్నీ ఆ రాతి చలవే. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన వాననీరు ఆ రాయిని కరిగించుకుంటూ బోర్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు కాచినప్పుడు వాయువు ఎగిరిపోతుంది, కరిగిన సున్నం మళ్లీ రాయై గోడకు అంటుకుంటుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్ని తొలిచిందీ, వాటి కప్పు నుంచి సున్నపు కొమ్ముల్ని వేలాడదీసిందీ ఈ రసాయనమే. అక్కడ అది వేల ఏళ్లు తీసుకుంది. మా బాయిలర్‌లో రెండేళ్లు చాలు, గొట్టం చుట్టూ పెంకు కట్టేది. తాగేనీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దిక్కులేకపోతే 600 దాకా ఫరవాలేదని మన దేశపు ప్రమాణం. మా పక్క బోరు నీళ్లతో పప్పు ఉడికించి చూసినవాళ్లకు ఈ అంకెలు ఎందుకో చెప్పక్కర్లేదు.

పెంకు కట్టిందంటే సాయిబు రావాల్సిందే. ఆయన కళాయి పోసేవాడు. పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. సైకిలు వెనక తోలుతిత్తి, బొగ్గుల సంచి, టంకం కడ్డీ, డబ్బాలో నవసాగరం, ఇవే ఆయన ఫ్యాక్టరీ. బాయిలర్‌ను పక్కకు పడుకోబెట్టి చెవి ఆనించి, కర్రసుత్తితో ఒళ్లంతా తట్టుకుంటూ పోయేవాడు. మోత మారిన చోట ఆగేవాడు, లోపల పెంకు మందమైన చోటు అదేనని. అక్కడ నాలుగు దెబ్బలు వేస్తే గోధుమరంగు పెచ్చులు గలగలమని ముక్కులోంచి రాలేవి. తర్వాత అతుకును ఇసుకతో తోమి, వేడిచేసి, నవసాగరం చల్లేవాడు. గుప్పుమని తెల్లపొగ లేచి ముక్కులు మండేవి. పొగ ఇంకా ఆరకముందే టంకం తాకించి దూదితో ఒక్క గుంజు గుంజితే అతుకు వెంబడి వెండి గీత పరుగెత్తేది. ఎంత ఉరుకులో చేసినా ఆ గీత ఎక్కడా తెగేది కాదు. “సాయిబన్నా, ఇది ముసల్దయిపోయిందా?” అని అవ్వ అడిగితే, “బాయిలరు బాగనే ఉందవ్వా, మీ నీళ్లే బాగలేవు” అనేవాడు. దాని మీద నలభై ఏళ్లలో ఇచ్చిన అత్యుత్తమ ఇంజనీరింగు నివేదిక అదే.

మంటకు ఏం వాడేవాళ్లమంటే, ఏది దొరికితే అది. పత్తి తీశాక మిగిలిన కట్టె, కంది కట్టె, మిల్లు దగ్గర బుడ్డల పొట్టు, మిగతా కాలమంతా సర్కారు కంప. ఈ కంపకు కడప జిల్లాతో పాత చుట్టరికం ఉంది. విదేశం నుంచి తెచ్చిన ఆ విత్తనాలను 1877లో, ధాతు కరువు నడుస్తున్న రోజుల్లో, మద్రాసు ప్రభుత్వపు అటవీశాఖ కమలాపురంలో నాటించింది. వంటచెరుకు లేని ఎండిన సీమకు ఉపకారమని తలచారు. ఇప్పుడది చెరువుల్నీ, బీళ్లనూ మింగేసి రైతు ప్రాణం తీస్తోంది, నిజమే. కానీ ఆ చెట్టుకు అప్పగించిన ఉద్యోగాన్ని అది మానలేదు. పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది, నిప్పు నిలుస్తుంది, బూడిద తక్కువ. మా బాయిలర్ దాని ముళ్లను కూడా వదలకుండా తినేది.

ఇంత పొగిడాక పొగ సంగతి దాచిపెట్టడం అన్యాయం. ఇంట్లో అందరికన్నా ముందు లేచి, చలిలో కూర్చొని కంప విరిచి, కళ్లమ్మట నీళ్లు కారుస్తూ ఊదింది అవ్వా, తర్వాత అమ్మా. మగవాళ్లం లేచేసరికి నీళ్లు మరిగి ఉండేవి. “బాయిలర్ నీళ్ల హాయి వేరు” అనే మాట మా ఇంట్లో నాయన నోటా, నా నోటా వినబడేదే తప్ప అమ్మ ఎప్పుడూ అనలేదు. 1999లో దీపం పథకం కింద ఊళ్లల్లో గ్యాసు సిలిండర్లు దిగినప్పుడు ఆడవాళ్లు పొయ్యికి దండం పెట్టి పక్కకు జరిపారంటే కారణం ఇదే. బాయిలర్ అంతరించిందని నేను బాధపడొచ్చు. అమ్మను కూడా బాధపడమని అడిగే హక్కు నాకు లేదు.

ఆమె నోటి నుంచి దానికి మెచ్చుకోలు వచ్చింది ఒక్కసారే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డాయి. పాతబస్తీ ఇళ్లు కప్పుల దాకా మునిగాయి. నీళ్లు తీశాక వచ్చి చూస్తే మోకాటి లోతు బురద, ఉబ్బిన బియ్యం బస్తాలు, బోర్లాపడిన ఫ్రిజ్జు. కరెంటు లేదు. మోటారు లేదు. బాయిలర్ మాత్రం పెరటి గోడకు ఒరిగి, నోట్లో ఇంత మట్టి పెట్టుకొని ఉంది. గొట్టంలో బురద కర్రతో పొడిచి తీసి, కడిగి, వరదకు చీలిపోయిన తలుపు చెక్కలను ఎండబెట్టి మంట వేశాం. ఒళ్లంతా అంటిన ఒండ్రు కంపు ఆ వేడినీళ్లతోనే వదిలింది. వీధిలో ఇంకో నాలుగిళ్లవాళ్లు బకెట్లతో వచ్చి, చన్నీళ్లు పోసి వేడినీళ్లు పట్టుకుపోయారు. “ఇదొక్కటే మనిషి లెక్క నిలబడింది” అంది అమ్మ.

ఆ తర్వాత మాకూ గీజర్ వచ్చింది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన మొదటి గ్యాసు గీజర్ తయారుచేసినప్పుడు దానికి పొగగొట్టమే పెట్టలేదట. ఆ విషయంలో మా పెరటి రాగిపీపా ఆయనకు పాఠం చెప్పగలిగేది. ఇప్పటి కరెంటు గీజర్‌కు పొగ లేదు, కబుర్లూ లేవు. ఇరవై లీటర్లు గోరువెచ్చన చేయడానికి అర యూనిట్ కరెంటు చాలు. దాన్ని తప్పుబట్టను. కానీ మా బోరు నీళ్ల ముందు దాని ఆయుష్షు ఎంతని! లోపలి కాయిల్ మీద సున్నం పేరుకుంటే వేడి నీళ్లలోకి దిగదు, కాయిల్ తన వేడికి తనే మాడిపోతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. తుప్పును తన మీదకు తెచ్చుకొని కరిగిపోవడమే దాని పని. అది అరిగిపోయినప్పుడు మారిస్తే ట్యాంకు బతుకుతుంది. అట్లాంటి కడ్డీ ఒకటుందని గీజర్ అమ్మినవాడు మాకు చెప్పలేదు. ట్యాంకు చిల్లు పడ్డాకే తెలిసింది.  ఇక బాగుచేయించాలా కొత్తది కొనాలా అని తర్జనభర్జన. మా మెకానిక్ దగ్గర ఆ తర్జనభర్జనకు ఒకటే జవాబు ఉంది: “కొత్తది తీసుకోండి సార్, దీనికి పెట్టే డబ్బులు దండగ.”

బాయిలర్‌కు ఈ మాట ఎవరూ అనలేదు. అనడానికి మనిషే లేడు. సాయిబు పోయి చాలా కాలమైంది. కొడుకులు వేరే పనుల్లో కుదురుకున్నారు. స్టీలు సామాన్లు వచ్చాక కళాయి ఎవరికి కావాలి? రాగి సామాన్ల బజారులో అడిగితే కొత్త బాయిలర్ చూపించారు, పాతదానికి అతుకు వేసేవాడిని చూపించలేకపోయారు. వెల్డింగు షాపతను పలచబడిన రేకు చూసి, తన మంటకు ఇది చిల్లు పడుతుందని చేతులెత్తేశాడు. నిజాయితీగా చెప్పాడు, సంతోషం. ఇప్పుడు మిద్దె మీద సోలార్ హీటర్ ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే ఊరికి, పొగలో ఊదిన ఆడవాళ్లకు అదే సరైనది. ఇందులో నాకు రెండో మాట లేదు.

మీ పెరట్లో ఇంకా ఒక బాయిలర్ నడుస్తుంటే రెండు మాటలు. నీళ్లు చూసుకున్నాకే మంట పెట్టండి. దాన్నిగానీ, గ్యాసు గీజర్‌నుగానీ తలుపులు మూసిన స్నానాల గదిలో పెట్టకండి, వాటి మంటలోంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. ఇక మీ ఊళ్లో టంకం వేసే మనిషి ఎవరైనా మిగిలి ఉంటే, చిన్న చెంబు అతుకైనా సరే, వెతుక్కుంటూ వెళ్లి ఆయనకు పని ఇవ్వండి.