దుమ్ముగూడెం అడవిలో హేగ్ దొర



అహేరి తాలూకాలో ప్రాణహిత ఒడ్డున దేవలమర్రి అనే ఊరు ఉన్నది. చంద్రపూర్ వైపు కూలికి, కొట్టు వ్యాపారానికి, సర్కారు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనవారు దానిని ఎన్నోసార్లు చూసి ఉంటారు. కాని నూట అరవై ఏళ్ల క్రితం ఆ చిన్న ఊరి పేరు ఇంజనీర్ల రిపోర్టులలో లండను దాకా వెళ్లిందని చాలామందికి తెలియదు. గోదావరి, ప్రాణహితల మీదుగా పడవలు నడపాలంటే దారిలో మూడు పెద్ద రాతిపట్టులు అడ్డు. మొదటిది దుమ్ముగూడెం, రెండవది ఇంద్రావతి సంగమానికి దిగువన ఇంచంపల్లి, మూడవది మన దేవలమర్రి. వీటిని దాటే కాలువల పనికి పెద్దగా నియమింపబడినవారు ఫెలిక్స్ థాకరే హేగ్ గారు. అప్పటికి కెప్టెన్, తరువాత జనరల్.

కాటన్ దొర పేరు తెలియని తెలుగువాడు లేడు. హేగ్ గారు ఆయన క్రింద తయారైన ఇంజనీరు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న కాలంలోనే, నాగరం లంకకు కాలువ నీరు తీసుకొనిపోవడానికి వైనతేయ గోదావరి మీద గన్నవరం ఆక్విడక్టు కట్టినది ఈయనే. ఒక్కొక్కటి నలభై అడుగుల వెడల్పుగల 49 కమానులు. నది మళ్లీ పొంగకముందే పని ముగియాలి. ఆ వయసులో అంత పని నెత్తిన వేసుకొన్న యువకుడు, దానిని నిలబెట్టాడు. 2000 సంవత్సరంలో దాని ప్రక్కనే కట్టిన క్రొత్త ఆక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పాతదానికి హేగ్ గారి పేరు లేదు. ఆయనకు ఆ చింత ఉండేదని మేము అనుకోము.

డెల్టా పని తరువాత ఆయన చూపు ఎగువకు మళ్లింది. బేరార్ పత్తిని పడవల మీద సముద్రానికి దించాలి, ఉప్పును పైకి చేర్చాలి అన్నది కాటన్ దొర ఆలోచన. 1850లలో హేగ్ గారు నది వెంబడి తిరిగి సర్వే చేశారు. 1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువారికి వదిలిపెట్టింది. అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడి, సిరొంచ దానికి ముఖ్యపట్టణమైంది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఈ పనికి ఎక్కడలేని తొందర వచ్చింది. డెల్టానుండి వేలకొలది కూలీలను తెచ్చారు. అడవి జ్వరం, కలరా వారిని పట్టి పీడించాయి. సంపాదనకని ఊరు వదలి మన్యానికి వచ్చి, అక్కడే కన్నుమూసిన ఆ తెలుగు కూలీలను ఏ పుస్తకమూ పేరుపేరునా చెప్పదు. మనలాంటి వలసవారే వారు కూడా.

ఇక్కడ మేము చెప్పదలచిన సంగతి మొదలవుతుంది. హేగ్ గారు మిషనరీ కాదు. ఏ సొసైటీ ఆయనను పంపలేదు. సర్కారు జీతం తీసుకొని, సర్కారు పని చేసేందుకు దుమ్ముగూడెం వచ్చారు. చుట్టూ కోయవారి గూడేలు. పోడు కొట్టుకొని జొన్న వేసుకొంటూ, ఇప్పపువ్వు ఏరుకొంటూ బ్రతికే జనము. పైనుండి వచ్చే వర్తకుడన్నా అధికారి అన్నా వారికి భయం. ఈ జనము మధ్య రాయి కొట్టించి కాలువ త్రవ్వించి వెళ్లిపోవడం ఆయన మనస్సుకు చాలలేదు. తన క్రింది ఉద్యోగులను కూర్చోబెట్టుకొని బైబిలు చదివేవారు, ప్రార్థన చేసేవారు. పౌలు కొరింథులో గుడారములు కుట్టుచునే సువార్త చెప్పిన సంగతి మనము ఎరిగినదే గదా.

ఆ చదువరులలో ఒకరు వెంకటరామరాజు గారు. క్షత్రియ కులస్థులు, ఆ పనులలోనే మంచి ఉద్యోగంలో ఉన్నవారు. ఆయన రక్షణ పొంది బాప్తిస్మము తీసుకొన్నారు. ఆ దినములలో రాజుల ఇంటి బిడ్డకు అది ఎంత ఖరీదైన నిర్ణయమో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. తరువాత ఉద్యోగం కూడా వదలి, అంతకన్న తక్కువ జీతానికి కోయవారి మధ్య సువార్తికునిగా నిలిచారు. కొంతకాలానికి పాదిరిగా అభిషేకము పొందారు. దొరగారి ప్రేరేపణతో చర్చ్ మిషనరీ సొసైటీ దుమ్ముగూడెం పనిని తన చేతిలోకి తీసుకొన్నది. అది ఆంగ్లికన్ సొసైటీ, చంటిబిడ్డలకు బాప్తిస్మమిచ్చే సంఘము. మన బాప్టిస్టు సోదరులు కొందరు ఈ పేరాను కొంచెం ఇబ్బందిగా చదువుతారని తెలుసు. చదవండి, ఫరవాలేదు. రాజుగారు మాత్రం పెద్దవారై, తెలిసి తీసుకొన్నవారే.

కాలువల కథ ఏమైంది? 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. బేరార్ పత్తి ఆ దారిన పోవడం మొదలుపెట్టింది. ఖర్చు పెరుగుతున్నది, పని తెమలడం లేదు. 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పనులను నిలిపివేసింది. 1874లో అప్పర్ గోదావరి జిల్లాయే లేకుండా పోయింది. భద్రాచలం, రేకపల్లి మద్రాసు వైపు, సిరొంచ చాందా వైపు వెళ్లాయి. ఒక మనిషి యౌవనమంతా పోసిన పని అలా సగంలో ఆగిపోయింది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం మిగిలింది. ఆయన ఉద్యోగపు వేళ కాని వేళలో చేసిన పని కూడా మిగిలింది.

అయితే ఆ మిషను నడక సాఫీగా సాగలేదు. పెద్ద చిక్కు భాష. కోయవారు సంతలో తెలుగు మాట్లాడగలరు, కాని ఇంట్లో వారిది కోయ మాట, గోండికి చెల్లెలు. సువార్త తెలుగులో వెళ్లినంతకాలం అది సంత మాటగానే వారి చెవికి తగిలింది. తరువాత దుమ్ముగూడెంలో దశాబ్దాలు ఉన్న జాన్ కెయిన్ పాదిరి గారు ఈ సంగతి గ్రహించి, కోయ భాష నేర్చి, వారి ఆచారాలను గూర్చి పత్రికలకు వ్రాశారు. 1889లో లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది. మిషను మొదలై అప్పటికి సుమారు ముప్పది ఏళ్లు.

ఈ మాట వ్రాస్తుంటే మాకు మా స్వంత తప్పు గుర్తుకు వస్తున్నది. చాలా ఏళ్ల క్రితం మేము కొందరం కలిసి భామ్రాగడ్ దారిలో ఒక మాడియా గూడేనికి నాలుగు దినముల సువార్త యాత్రకు వెళ్లాము. హార్మోనియం, డోలక్, కరపత్రాలు అన్నీ ఉన్నాయి. గంటసేపు తెలుగులో మాట్లాడాము, కీర్తనలు పాడాము. గూడెం పెద్దలు మర్యాదగా తలలు ఊపారు. మేము ఎంతో సంతోషించి, ఎన్ని చేతులు లేచాయో లెక్క వ్రాసుకొన్నాము. తిరుగు దారిలో మాకు దారి చూపిన కుర్రవాడు నవ్వుతూ చెప్పాడు, అక్కడివారికి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదని. అన్నం పెట్టేముందు అతిథిని నొప్పించరాదని చేతులెత్తారట. పిల్లవానికి తెలిసిన మాటతో పాఠం మొదలుపెట్టాలని ట్రైనింగులో నేర్చుకొని, బడిలో ముప్పది ఏళ్లు అదే పాటించిన మేము, గూడెంలో అడుగుపెట్టేసరికి మరచిపోయాము.

హేగ్ గారు మాత్రం తన పాత అడవిని మరచిపోలేదు. సైన్యపు కొలువు ముగిసిన తరువాత, 1880ల మొదట్లో, మిషనరీ లేని సమయంలో దుమ్ముగూడెం పనిని చూడడానికి ఆయనే మళ్లీ వచ్చారు. జనరల్ హోదా అనుభవించిన మనిషి, జ్వరాల దేశానికి, ఈసారి సర్కారు జీతం లేకుండా. ఆ తరువాత 1886-87లో ఎర్ర సముద్ర తీరము, యెమెను దేశము తిరిగి, అక్కడ సువార్తకు ఎక్కడెక్కడ ద్వారాలున్నాయో వ్రాశారు. ఆ దేశాన్ని గూర్చి ఆయన వ్రాసిన వ్యాసాన్ని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ప్రచురించింది. 1901లో ప్రభువునందు నిద్రించారు.

ఈ వేసవిలో మన యౌవనస్థులు మళ్లీ గూడేలకు బయలుదేరుతున్నారు. వెళ్లే ముందు ఆరు ఆదివారములు, ఆరాధన తరువాత ఒక గంట, మాడియా మాట నేర్పడానికి ఆ గూడెం మనిషే ఒకరు ఒప్పుకొన్నారు. పలక, సుద్దముక్క మేము తెస్తాము. పెద్దలు కూడా రావచ్చును.