కెప్టెన్ జేమ్స్ కుక్

1728లో ఇంగ్లండు దేశపు యార్కుషైరున ఒక వ్యవసాయకూలి యింట జేమ్స్ కుక్ జన్మించెను. బాల్యమున దుకాణమున కొలువుచేసి, పిదప విట్బీ రేవు బొగ్గు ఓడలలో పనివాడై, గణితమును ఖగోళమును స్వయముగా అభ్యసించెను. ఒక ఓడకు అధిపతిని చేసెదమని యజమానులు పిలిచినను కాదని, 1755లో రాజనౌకాదళమున సామాన్య నావికుడుగా చేరెను!

క్రమముగా అధికారియై, 1768లో ఎండెవరు నౌకపై బయలుదేరి, మరుసటి యేట తాహితి ద్వీపమునుండి శుక్రుడు సూర్యబింబమును దాటుట పరిశీలించెను. (అట్టి సంక్రమణమునే 1874లో మన విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావుగారు పరిశీలించిరి.)

ఆ దినములలో దూరయానము చేయు నావికులను స్కర్వీ వ్యాధి కబళించుచుండెను. విరుగుడుగా కుక్ ఊరవేసిన క్యాబేజీని పెట్టించగా వారు ముట్టరైరి. అతడు బలవంతపెట్టక, అధికారుల బల్లపై దానిని ప్రతిదినము వడ్డింపించెను. దొరలు తినుట చూచి నావికులే అడిగి తినసాగిరి. తుదకు కొలిచి యీయవలసివచ్చెను. ఊరగాయ లేనిదే ముద్ద దిగని మనకు ఈ యుపాయము ముచ్చట గొల్పును. అయినను తిరుగుప్రయాణమున, బటేవియా రేవున సోకిన రోగములచే పలువురు మరణించిరి.

న్యూజిలాండు తీరమంతయు పటమున కెక్కించినవాడు, 1773లో దక్షిణ ధ్రువవృత్తమును దాటినవాడు ఇతడే. కాని అతడు అడుగిడిన చోట్ల అక్కడి ప్రజల నెత్తురును చిందినది. ఈ మాట మరుగుపరచరాదు. 1779 ఫిబ్రవరి 14న హవాయి ద్వీపమున, దొంగిలింపబడిన పడవకై అక్కడి రాజునే బందీగా గొనిపోబూనగా, ప్రజలు తిరుగబడి సముద్రపు టొడ్డుననే అతనిని వధించిరి.